వేరే మనిషి కన్ను

జంగమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. పాలమూరులోని చిన్న కంటి దవాఖానలో డాక్టర్ మంజులత, ఒక కన్ను ఇప్పుడు చేసి, అది మానినాక రెండోది చేస్తానన్నది. అప్పటికి జంగమ్మ ఊళ్ళో ఉండదు. వచ్చే నెలలో మేస్త్రీ ముఠా కాలువ పనికి వలస పోతుంది. మొగుడు నర్సింహతో పాటు పోయి ఆమె ముఠాకు వండిపెట్టాలి. మళ్ళీ రావడం ఏడాదికి. రెండూ ఒక్కనాడే చేయమని ఆమే పట్టుబట్టింది.

పట్టుబట్టిన మనిషే వణికింది. ఎనభై నాలుగులో ఆమె అక్క బాలనర్సమ్మకు, బడిలో పెట్టిన కంటి శిబిరంలో ఒకే పూట రెండు కళ్ళూ చేశారు. చీము పట్టి రెండూ పోయాయి. అక్క చచ్చేదాకా గోడలు తడుముకుంటూ తిరిగింది.

అది విని డాక్టరమ్మ, ప్రమాదం తక్కువే గానీ, అసలే లేదనలేనని చెప్పింది. చివరికి అన్నది:

"రెండో కన్ను నాకు నీది కాదమ్మా. వేరే మనిషి వచ్చి పండుకున్నట్టే. కత్తులు వేరే, మందు సీసా వేరే, చేతులు మళ్ళ కడుక్కుంట. మొదటి కంట్ల జర తేడా వచ్చినా రెండోది ముట్ట."

కుడి కన్ను అయింది. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి పోయింది. పక్క గదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు. మొహం మీద కప్పిన బట్ట కింద జంగమ్మ ఊపిరి బిగబట్టింది. బల్ల మీద, తన ఎడమ పక్కన, ఎవరో ఒత్తిగిల్లారు.

"అక్కా, నువ్వేనా?"

కదలొద్దన్నది నర్సు.

ఈ కాసిన్ని నీళ్ళేనా, మన్నెంకొండ సామీ, మా అక్కకు కరువైనవి? అని మనసులోనే అడిగింది జంగమ్మ. నీళ్ళ చప్పుడు ఆగింది.

మరునాడు పట్టీలు విప్పారు. కుడి కంటికి నర్సింహ నెరసిన గడ్డం కనిపించింది. ఎడమ కంటికీ కనిపించింది.

"మరి ఏడుస్తవేందే?" అన్నాడు నర్సింహ. "పెండ్లినాడు గూడ నా మొకం జూసి గిట్లనే ఏడ్చినవ్."

"నేను ఏడుస్తలేను," అన్నది జంగమ్మ.

కుడి కన్ను పొడిగానే ఉంది. నీళ్ళు ఎడమ కంట్లోంచే కారుతున్నాయి. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. ఎరుపు లేదు, చీము లేదు. రెండూ బాగున్నాయనీ, నొప్పి గానీ ఎరుపు గానీ వస్తే ఆ క్షణమే రమ్మనీ చెప్పింది.

తిరుగు బస్సులో జంగమ్మకు నిద్ర ముంచుకొచ్చింది. కుడి కన్ను మూతపడింది. ఎడమదాన్ని మూయడానికి ఆమెకు మనసొప్పలేదు. అది కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.