తీరం రోడ్డు మీద ఏడో మలుపు

పొద్దున తొమ్మిదిన్నరకి టూరిస్టు ఆఫీసు షట్టరు ఎత్తి, కుర్చీలు తుడిచి, పెద్ద మ్యాపుని టేబుల్ మీద పరచడంతో మ్యాపు మేడం ఉద్యోగం మొదలవుతుంది. సెలవులకి సముద్రతీరం వెళ్ళేవాళ్ళు ఏ తోటలో వైన్ రుచి చూడాలో, ఎక్కడ జింకలు కనిపిస్తాయో, ఏ రోడ్డు మీద కారు నెమ్మదిగా పోనివ్వాలో చెప్పడం ఆవిడ పని. చూపుడు వేలు మ్యాపు మీద జరుపుకుంటూ చెబుతుంది. తీరం మీద పెడితే వేలు తడుస్తుంది. ద్రాక్షతోటల మీద పెడితే జిగురంటుకుంటుంది. అడవి మీద పెడితే ఒక్కోసారి జింక వెంట్రుక కూడా వస్తుంది. దానికెవరూ నోళ్ళు వెళ్ళబెట్టరు. "కాస్త ఆ బీచి మీద పెట్టి చూడండి మేడం, నీళ్ళు మరీ చల్లగా ఉంటే మా ఆయన దిగడు," అంటారు. ఆవిడ పెట్టి చూసి, "మీ ఆయన దిగడండి," అంటుంది. వేలు తుడుచుకోవడానికి ఆఫీసువాళ్ళు ఒక తువ్వాలు కూడా ఇచ్చారు.

రెండేళ్ళుగా మాత్రం ఆ వేలు తీరం రోడ్డు మీదకి పోవడం లేదు. కొండ అంచున, సముద్రాన్ని చూస్తూ పోయే ఆ రోడ్డంటే అందరికీ సరదా. ఎవరైనా అడిగితే, "అబ్బే, లోపలి రోడ్డే హాయండి, దారంతా చెట్ల నీడ," అని మాట మార్చేస్తుంది.

ఒక బుధవారం లెక్కల టీచరు వచ్చింది. గొడుగు మడిచి కుర్చీ అంచున కూర్చుంది. మ్యాపు మేడం తువ్వాలు అందుకుని, తడవని వేలే తుడుచుకుంది. రెండేళ్ళ కిందట ఈవిడా, ఈవిడ భర్తా ఇదే టేబుల్ ముందు కూర్చుని, హోటలు గదికి కిటికీ ఎటు ఉండాలని సరదాగా పోట్లాడుకున్నారు.

"గుర్తుపట్టారా?" అంది టీచరు.

"పట్టానండి."

"మళ్ళీ అదే ట్రిప్పు వెయ్యాలి. ఈసారి ఒక్కదాన్నే. డ్రైవరు కావాలి. సముద్రం కనపడని వైపు కూర్చుంటాను."

"మళ్ళీ అక్కడికే ఎందుకండీ?"

"ఆఖరి తోటలో ఆయనకి ఒక వైన్ నచ్చింది. వచ్చేటప్పుడు ఒక సీసా కొందామన్నారు. అదేదో నేను సరిగ్గా వినలేదు. అన్నీ రుచి చూస్తే తెలుస్తుందేమోనని." టీచరు గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. "ఆయన తాగారని కారు నేనే నడిపాను. ఏడో మలుపులో డాల్ఫిన్లు ఎగిరాయి. అదిగో చూడు అన్నారు. చూశాను. ఒక్క క్షణం. కారు జారిపోయింది. నేనొక్కదాన్నే బతికి బయటపడ్డాను. రోడ్డు చూడకుండా నడిపిందని పోలీసులు రాశారు. మా అత్తగారూ అదే అంటారు. వాళ్ళనేమనగలను, నేను చూసిన మాట నిజమేగా."

ఆ ట్రిప్పు వేసిన రోజు సాయంత్రం మ్యాపు మేడం చెల్లెలి పెళ్ళి. మధ్యాహ్నం ఆఫీసులోనే గోళ్ళకి రంగు వేసుకుంది. తోటలూ అడవీ ముందు రోజే వేలు పెట్టి చూసింది కాబట్టి తీరం రోడ్డు ఒక్కటే మిగిలింది. తడి తగిలితే రంగు చెడిపోతుందని, పెన్ను మూతతో గీత గీసేసి, "రోడ్డు అద్దంలా ఉందండి, నిశ్చింతగా వెళ్ళిరండి," అనేసింది. గోళ్ళ రంగు కోసం ఒక మనిషి ప్రాణం. తలుచుకున్నప్పుడల్లా అన్నం సహించదు. అయినా నోరు విప్పలేదు. విప్పితే ఇక ఆ వేలిని ఎవరు నమ్ముతారు, ఆ కుర్చీలో ఎవరు కూర్చోనిస్తారు? కానీ ఎదురుగా ఉన్న మనిషి తన తప్పు కూడా నెత్తినేసుకుని మోస్తోంది. ఇప్పుడూ ఊరుకుంటే జన్మంతా మోస్తుంది.

"టీచరుగారూ, ఆ రోజు ఆ రోడ్డు మీద నేను వేలు పెట్టలేదు," అంది. గోళ్ళ సంగతీ, పెన్ను మూత సంగతీ, ఏదీ దాచలేదు.

టీచరు మేడం మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు పెట్టండి," అంది.

పెట్టింది. మొదటి మలుపు నుంచే ఉప్పుగాలి. ఏడో మలుపులో కొత్త గోడా, కొత్త తారూ తగిలాయి. ఇంకాస్త నొక్కింది. తారు కింద పాత రోడ్డు, దాని మీద వదులు కంకర, వేలి కింద జరజరా జారింది. వేలు పైకి తీస్తే గోరు నిండా రాతిపొడి.

"నేను డాల్ఫిన్ల వైపు చూడకపోయుంటే?" అంది టీచరు.

"ఎటు చూసినా, ఎవరు నడిపినా జారేదేనండి. ఆ రోజు వేలు పెట్టుంటే నాకు తెలిసేది. మిమ్మల్ని ఆ దారిన పంపేదాన్ని కాదు."

టీచరు రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి తనకేం హక్కుందని మేడం అలాగే నిలబడింది.

"మిమ్మల్ని తిట్టాలో, దణ్ణం పెట్టాలో తెలీడం లేదు," అంది టీచరు చివరికి లేస్తూ. "రెండేళ్ళయింది సరిగ్గా నిద్రపోయి. ఇవాళ వెళ్ళి పడుకుంటాను. తిట్టడానికి రేపొస్తాను."

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తిట్టించుకుంటే మేడం బరువు కాస్త దిగేది. మేనేజరుకి కూడా తనే చెప్పేసింది. ఆయన తల పట్టుకుని, "అయిపోయిందేదో అయిపోయిందమ్మా," అన్నాడు. అది ఇంకా బాధగా ఉంది.

నెల తర్వాత ఒక కొత్త జంట వచ్చి తీరం రోడ్డే కావాలంది. మేడం ఈసారి మాట మార్చలేదు. ఒక్కో మలుపూ వేలితో తడుముకుంటూ పోయింది. ఆరో మలుపు దాటాక, బండ్లు ఆపుకునే చదును చోట వేలికి వెచ్చగా తగిలింది. కారు బానెట్టు. లోపల ఒక్కరే ఉన్నారు, అదీ డ్రైవరు సీట్లో. స్టీరింగు చెమటతో తడిసి ఉంది. వేలికి సుద్దపొడి అంటింది.

ఇంజను వణికింది. కారు కదిలింది.

మేడం వేలు తియ్యలేదు. ఏడో మలుపు పొడుగునా, సముద్రం వైపు నుంచి, కారు పక్కనే జరుపుకుంటూ వచ్చింది.

"ఏమైంది మేడం, అక్కడ వానా?" అన్నాడు ఎదుటి అబ్బాయి.

"ఒక్క నిమిషం ఆగండి," అంది మేడం. "ఆవిడని దాటనివ్వండి."