ప్రమోద గీసిన కొంగు

ధనుంజయకు పాటల పిచ్చి ఉందని ధర్మవరంలో వాళ్ల వీధి మొత్తానికీ తెలుసు. అది ఎంత ముదిరిందో మాత్రం భార్య ప్రమోదకు కూడా తెలియదు. ఆమె చీరల డిజైన్లు గీసే కంప్యూటర్‌లో ఈమధ్య బొమ్మలూ హంగులూ లేని చిన్న ప్లేయర్ ఒకటి వేశాడు. వెనకాల నడిచే పనులు ఎన్ని ఆపితే పాట అంత శుభ్రంగా వస్తుందని ఎక్కడో చదివాడట. చదివినవాడు ఊరుకుంటాడా? ఒక్కొక్కటే ఆపుతూ పోయాడు. గుయ్‌మంటుందని యూపీఎస్ పీకేశాడు. గీసినదాన్ని దానంతటదే సేవ్ చేసే ఏర్పాటును కూడా మూడు రోజుల కిందట ఆపేసి, మళ్లీ పెట్టడం మరిచిపోయాడు.

సరిగ్గా కరెంటు పోయినప్పుడు గుర్తొచ్చింది.

"పోతే పోనీ. అదే సేవ్ చేసుకుంటాదని మీరే చెప్తిరి కదా," అంది ప్రమోద తీరిగ్గా.

మూడు రోజులుగా సిస్టమ్ ఆపకుండా ఆమె ఒక పెళ్లిచీరకు కొంగు గీస్తోంది. ఇన్నాళ్లూ ఆమె గీసినవన్నీ వేరేవాళ్ల పేరుతో వెళ్లాయి. హిందూపురంలో మగ్గాలున్న ముత్యాలప్ప తొలిసారి ఆమెను నమ్మి, ఆమె పేరు మీదే పని ఇచ్చాడు. కొత్త డిజైన్ ఫోన్లో పంపితే సాయంత్రానికల్లా పరాయి మగ్గాలెక్కుతుందని ఇక్కడివాళ్ల భయం. అందుకే రెండో కాపీ ఎక్కడా ఉంచరు, మనిషి వచ్చి తీసుకుపోవాల్సిందే.

ముత్యాలప్ప ఫోన్ చేశాడు. "పెనుకొండ దాటినా తల్లీ. అయిపోయిండాదా?"

"అయిపోయిండాదన్నా, రాండి," అంది ప్రమోద.

అరగంటకు కరెంటు వచ్చింది. సిస్టమ్ మొదలయ్యేలోపు ధనుంజయ మొక్కని దేవుడు లేడు. ఫైలు తెరుచుకుంది. అంతకుముందే గీసిన అంచు ఉంది. కొంగు ఉండాల్సిన చోట గళ్లన్నీ ఖాళీ.

"ఈడే ఉండాల. యాడికి పోతాది?" ప్రమోద ఫైలు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.

ముత్యాలప్ప వచ్చి తెర చూశాడు. "సేవ్ చేసుకోవాలని తెలీదామ్మా? ఇందుకే కొత్తోళ్లకు ఇయ్యొద్దనిరి మావాళ్లు."

"తప్పయిపోయిందన్నా," అని ప్రమోద తల దించుకుంది.

నోరు మూసుకుంటే చాలు, ధనుంజయ బయటపడతాడు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

"తప్పు ఆమెది కాదన్నా. దానంతటదే సేవ్ చేసుకునేదాన్ని నేనే ఆపేసినా. పాట ఇంకా బాగా వినపడాలని."

ముత్యాలప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. "మూడు దినాలు మగ్గం ఖాళీగా పెడతా. మళ్లీ గీయమ్మా," అని ప్రమోదతో మాత్రమే చెప్పి వెళ్లిపోయాడు.

ఖాళీ గళ్ల ముందు మళ్లీ కూర్చుంటూ ప్రమోద అడిగింది. "అదంతా ఆపినాక నిజంగా తేడా వినపడిందా?"

కళ్లు మూసుకుని రెండు విధాలా ఎన్నిసార్లు విన్నాడో అతనికే తెలుసు.

"లేదు," అన్నాడు.