పాత కారుకు కొత్త బల్బులు

మా ఆయన కాలు విరిగి మూడు వారాలైంది. బండి మీద వస్తుంటే ఎదుటి కారు లైట్లు కళ్ళల్లో కొట్టాయి. రోడ్డు కనపడక గుంటలో పడ్డారు. అప్పటినుంచి మా పాత కారు నేనే నడుపుతున్నాను. పాపను డేకేర్ నుంచి తెచ్చేసరికి చీకటి పడుతుంది, మా లైట్లేమో గుడ్డిదీపాలు. నా ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది గానీ భయం పోలేదు. అందుకే పాపను వెంటబెట్టుకుని మెకానిక్ దగ్గరికెళ్ళి, ఉన్నవాటిలో బాగా తెల్లగా వెలిగేవి వెయ్యమన్నాను.

"ఈ కారు నీకంటే పెద్దది చెల్లెమ్మా, అక్కా అని పిలవాలి," అన్నాడతను. నవ్వాలని తెలిసింది, నవ్వు రాలేదు.

ఎల్ఈడీ బల్బులు బిగించి, షట్టర్ దించి, లైటు వేశాడు. గోడంతా పైకప్పుదాకా తెల్లబడింది.

"బాగుందన్నా, ఉంచెయ్."

"ఓసారి కారు ముందుకొచ్చి నిలబడు. పాత లైటు డొప్పలో ఈ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, ఎదుటివాడి కళ్ళల్లోకి పోతుంది."

పాపను ఎత్తుకుని నిలబడ్డాను. పాప నా భుజంలో మొహం దాచుకుంది. నాకు కారూ కనపడలేదు, అతనూ కనపడలేదు. మా ఆయన చూసింది ఇదే అన్నమాట.

"తీసెయ్యన్నా."

"మరి నీకు దారి కనపడొద్దూ?"

అతను ఎల్ఈడీలు తీసేసి, పాత రకం బల్బులే కొత్తవి వేసి, మసకబారిన లైట్ల అద్దాలు పాలిష్ పట్టి, వెలుగు కిందికి పడేలా సర్దాడు. మునుపటికంటే కాస్త నయం, అంతే.

ఆ సాయంత్రం రోడ్డు అంచు చూసుకుంటూ మెల్లగా ఇంటికొచ్చాను. నాకు ఎదురైనవాళ్ళంతా తిన్నగా వెళ్ళిపోయారు.