ఎడమవైపు కుట్లు

మూటలు మోసే ఆ పెద్దాయన ఆపరేషనయ్యాక మొదటిసారి మరుగుదొడ్డికని లేచి నిలబడేసరికి కుడి గజ్జల్లో హెర్నియా వాపు మళ్ళీ ఉబ్బింది. కుట్లేమో ఎడమవైపు ఉన్నాయి.

పడుకుంటే ఆ వాపు లోపలికి జారిపోతుంది. అందుకే మనిషిని నిలబెట్టి, వాపున్న పక్క తన చేత్తో పెన్ను గుర్తు పెట్టాకే డాక్టరమ్మ ఎవర్నయినా బల్ల ఎక్కనిచ్చేది. ఈయన ఆపరేషన్ రోజు పొద్దుటి నుంచి ఒకరి వెనక ఒకరిని థియేటర్లోకి తోస్తూనే ఉన్నారు. ఈయన్ని మత్తిచ్చి పడుకోబెట్టాక చూసింది, అదీ కాళ్ళవైపు నిలబడి. గుర్తు అటుది ఇటు పడింది. కోస్తే హెర్నియా తిత్తి లేదు. కొవ్వు ముద్దేదో తగిలితే అదే అనుకుని కుట్టేసింది. బుర్ర అప్పటికే మొద్దుబారిపోయింది.

ఆమె జరిగింది చెప్తే ఆసుపత్రి సూపరింటెండెంటు తాపీగా విన్నాడు. ఎడమపక్క కూడా బలహీనంగా ఉంటే ముందుజాగ్రత్తగా అది ముందు చేశామని, కుడిది తర్వాత చేస్తామని పెద్దాయన వాళ్ళకప్పుడే చెప్పేశానన్నాడు. నువ్వు నోరు మెదపకపోతే అందరం బతికిపోతామన్నాడు. ఆ రోజు అన్ని ఆపరేషన్లూ ఆమె ఒక్కదాని నెత్తిన రుద్దింది తానేనన్న ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆమెకు వాదించే ఓపిక లేదు. ఊరుకుందామనే అనుకుంది. కట్టు చూసి వచ్చేద్దామని వార్డుకెళ్ళింది.

పెద్దాయన భార్య స్టూలు మీంచి లేచి ఆమె చేతులు పట్టుకుంది.

"రెండో పక్క కూడా చూసి చేశావంట కదమ్మా. కన్నకూతురైనా ఇంత పట్టించుకోదు."

"కొసరు ముందిచ్చేశారు," అన్నాడు పెద్దాయన నవ్వుతూ. "అసలెప్పుడిస్తారో మరి."

డాక్టరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"కొసరు కాదు బాబాయ్. కుడికి బదులు ఎడమ కోశాను. తప్పు నాది. మీకు చెప్పింది అబద్ధం."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. ఆయన భార్య ఎడమపక్క కట్టు వైపు చూసింది.

"అంటే ఈయన్ని ఉత్తినే కోసి, ఇప్పుడు మళ్ళీ కోయాలా?"

"కోయాలి పిన్నీ. నన్నొద్దంటే ఇంకొకరు చేస్తారు."

"నువ్వొద్దు," అందామె. కోపంగా కూడా అనలేదు. పెద్దాయన గోడకేసి తిరిగి పడుకున్నాడు.

థియేటరు బయట ట్రాలీ మీద తర్వాతి హెర్నియా మనిషి సిద్ధంగా ఉన్నాడు. మత్తు డాక్టరు ఎదురుచూస్తున్నాడని సిస్టర్ తొందరపెట్టింది. డాక్టరమ్మ ట్రాలీ ఆపించింది. అతన్ని దింపి నిలబెట్టింది. సూపరింటెండెంటు అడిగితే ఆలస్యమవుతుందని చెప్పమంది.

"వాపెక్కడో నీ చెయ్యి పెట్టి చూపించు తమ్ముడూ."

చూపించాడు. గుర్తు పెట్టింది. ఇటే కదా అని అడిగింది. ఇటేనన్నాడు. ట్రాలీ ఎక్కాక మళ్ళీ అడిగింది. అతనికి విసుగొచ్చింది. తలుపు దగ్గర మరోసారి అడిగింది.