చేతి తూకం

మా నాయన సుబ్బరామి యశ్వంతనగర్ గనుల దగ్గర వేబ్రిడ్జిలో ఇరవై ఏళ్లుగా ఖనిజం లారీలు తూకం వేస్తున్నాడు. ఏ వస్తువైనా అరచేతిలో ఆడించి చూడనిదే కొనడు.

నా ఫోటోలు దాచుకోవడానికి హార్డ్ డిస్క్ కావాలని తండ్రీకూతుళ్లం ఇద్దరం బళ్లారి వెళ్లాం. కంప్యూటర్ షాపు చెన్నకేశవులు ఒక టీబీ డిస్క్ నాయన చేతిలో పెట్టి, ఐదు వేలన్నాడు.

"ఏందప్పా, బెండు మాదిరి ఉండాది? లోపల సరుకేమన్నా ఉండాదా?" అన్నాడు నాయన.

"కొత్తవి ఇంతే తేలిగ్గా ఉంటాయప్పా."

నాయన నమ్మలేదు. బయట ఫుట్‌పాత్ మీద పదహారు టీబీల డిస్క్ పన్నెండొందలకే దొరికింది. చేతికి బరువుగా తగిలింది.

"ఇది గట్టి మాల్!" అన్నాడు. వద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఇంటికొచ్చాక సగం ఫోటోలకే అది మొరాయించింది. ఒళ్లు మండి మూత ఊడదీశాను. లోపల వేలిగోరంత మెమరీ కార్డు, జిగురుతో అతికించిన రెండు ఇనుప నట్లు ఉన్నాయి.

నాయన ఆ నట్లను అరచేతిలో చాలాసేపు ఆడించాడు.

మరునాడు మళ్లీ అదే షాపుకు వెళ్లాం. చెన్నకేశవులు సంగతంతా విని, నవ్వకుండా నిన్నటి డిస్కే తీసి నాయనకు అందించబోయాడు.

నాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకొద్దప్పా. పాప చేతికియ్యి."