కాగితం మీద మొగ

ఆ బొమ్మ చూశాక నాకు ముద్ద దిగలేదు. రెండు రోజుల్లో సముద్రం మీద వేట నిషేధం ముగిసి పడవలు కదలాలి. మా పడవలో చుక్కాని పట్టేది నా మొగుడు చిన్నపోలయ్య, వల వేసేది నా కొడుకు పెంచల్.

తప్పు నాదే. ఈ వయసులో నీళ్ల రంగులు నేర్చుకుంటానని బయల్దేరాను. వేసవి సెలవుల్లో దుర్గ టీచరు బడిలో పిల్లలకు నేర్పుతుంటే, చేపలు ఎండబెట్టుకునేదాన్ని పోయి వాళ్ల మధ్య కూర్చున్నాను. పోలేరమ్మకు పిచ్చి ముదిరిందని నన్ను ఊళ్లో అన్నారు. అననీ. మొదటి వారం నేను వేసిన ఆకాశమంతా బురదే. తడి ఆరకముందే రెండో రంగు పూస్తే అంతేనట. తెలుపు కావాలంటే అక్కడ రంగు వెయ్యకూడదు, కాగితాన్ని అలాగే వదిలెయ్యాలి అంది టీచరు. ఆ వదలడమే నాకు చేతకాలేదు.

సరస్సు సముద్రంలో కలిసే మొగను వేద్దామనుకున్నాను. నీళ్లు ఎంతకీ కుదరలేదు. పెళ్లయిన కొత్తలో ఆ నీళ్లను నాకు చదివి చెప్పింది మా ఆయనే. నల్లగా ఉంటే లోతు, పచ్చగా పలచబడితే కింద ఇసుక మేట, నురగ తెల్లగా విరుగుతుంటే అటు పోకూడదు. మేట ఏటేటా చోటు మారుతుంది కాబట్టి మనిషికి కళ్లే దిక్కు. అందుకే ఆ సాయంత్రం మొగ ఒడ్డున కుంచె ఆయన చేతికిచ్చాను.

"ఏంది మే, మొగుడి చేత బొమ్మలేయిస్తుండావా?" అని నవ్వాడు. నవ్వుతూనే కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నీలం పూసి, నడిమధ్యన పడవ పెట్టాడు.

తలెత్తి మొగ వైపు చూశాను. కాగితం మీద ఆయన పడవ పెట్టిన చోట, అక్కడ నురగ విరుగుతోంది.

"అక్కడ తెల్లగా ఏం కనపడలా నీకు?"

కుంచె నీళ్లలో ముంచి కడిగాడు.

"కంట్లో పొరొచ్చినట్టుండాది. పోయినేడు నుంచి ముందు పోయే పడవ ఎనకాల్నే పోతుండా. పెంచల్‌కి చెప్పబాక."

ముందు పడవ లేని రోజు ఏం చేస్తావని అడగలేకపోయాను. ముప్పై ఏళ్లు చుక్కాని పట్టినవాడు. వదలమంటే ఆ మనిషి ఏమైపోతాడు? ఊరుకుంటే నా బిడ్డ ఏమైపోతాడు? ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మర్నాడు పొద్దున పెంచల్ వల సర్దుకుంటూ, గోడకు ఆనించిన ఆ బొమ్మ చూసి పగలబడి నవ్వాడు.

"ఎవురు గీసినారు దీన్ని? పడవని తీసకపోయి మేట మీద పెట్టినారే! దీన్ని నమ్ముకోని పోతే శవాలు గూడా దొరకవు."

మా ఆయన అరుగు మీద చద్దన్నం తింటున్నాడు. చెప్పడానికి ఇంతకంటే అదను రాదు. నోరు తెరిచాను. తీరా వచ్చిన మాట వేరు.

"నేనేరా. నేర్చుకునేదాన్ని గదా."

పెంచల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మా ఆయన చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"మీయమ్మ కాదురా," అన్నాడు. "నేనే గీసినా. నాకు మేట కనపడలా. రేపు చుక్కాని నువ్వు పట్టు."

పెంచల్ నవ్వు ఆగిపోయింది. నేను చేతిలోని చెంబు కింద పెట్టి, పోయి ఆయన పక్కన కూర్చున్నాను.