మా ఆవిడ ముఖం నిగారింపు

ఏడాదిగా మా ఆవిడ వయసు వెనక్కి నడుస్తోంది. నుదుటి గీతలు మాయమయ్యాయి, బుగ్గలు నున్నగా నిగనిగలాడుతున్నాయి. కళ్లజోళ్ల కొట్టువాడు ఆమెను చూపించి "మీ అమ్మాయా?" అని నన్నే అడిగాడు! నా పూజాఫలమే అనుకుని దేవుడికి రెండు దణ్ణాలు ఎక్కువే పెట్టాను. కనుబొమ్మలు మాత్రం ఊడిపోతున్నాయి. కాటుకతో దిద్దుకుని, కాన్పుకు రాబోయే మా అమ్మాయి బిడ్డ కోసం టోపీ అల్లుతూ కూర్చునేది.

మా చెల్లెలికి కడుపు మండిపోయింది.

"ఏం రాస్తున్నావో చెప్పు వదినా!"

"మీ అన్నయ్య తెచ్చే సబ్బేనమ్మా."

"అదే నేనూ రుద్దాను. సబ్బు అరిగింది గానీ ముడత ఒక్కటీ అరగలేదు!"

చివరికి వదినను చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. వెనకాల సంచీ మోస్తూ నేను.

"నా ముఖం అచ్చం ఈవిడలా చేసిపెట్టండి."

డాక్టరమ్మ మచ్చుగా తెచ్చిన మా ఆవిడ వైపు చూసి, కుర్చీలోంచి లేచి వచ్చింది. చెవి తమ్మెలు నొక్కింది. కళ్లు మూయించి పాదం మీద దూది ఆడించింది.

"ఎక్కడ తగిలింది?"

"ఇంకా పెట్టలేదుగా?" అంది మా ఆవిడ.

మా చెల్లెలు గబుక్కున వంగి ఆ పాదాన్ని తనే గిల్లి చూసింది.

చెవి దగ్గర కాస్త గీకి పరీక్షకు పంపారు. కుష్టు.

"మచ్చ ఒక్కటీ లేదే!" అన్నాను.

"కొందరికి మచ్చలుండవు. చర్మమంతా ఒకేలా మందమెక్కి నున్నబడుతుంది. చూసినవాళ్లు అందమనుకుంటారు."

మా ఆవిడ ఒక్కటే అడిగింది. "బిడ్డను ఎత్తుకోవచ్చా?"

"మాత్రలు ఇవాళే మొదలుపెడదాం. కాన్పు నాటికి అంటుకుంటుందన్న భయమే ఉండదు. తనివితీరా ఎత్తుకోండి. మధ్యలో మానకుండా వేసుకుంటే నయమవుతుంది. ఒళ్లు కాస్త నల్లబడుతుంది, ముడతలూ తిరిగొస్తాయి."

"రమ్మనండి!" అంది మా ఆవిడ. ముగ్గురం పడీ పడీ నవ్వాం. డాక్టరమ్మ కూడా నవ్వింది.

నిగారింపుకు పెట్టిన దణ్ణాలు వెనక్కి తీసుకోవాలా? చెల్లెలి అసూయను పంపింది కూడా ఆ దేవుడే అయితే? తేల్చుకోలేక, ఉన్నవాటికి ఇంకొకటి కలిపాను.

మనవరాలు పుట్టింది. టోపీ పెద్దదైంది. నెలలు తిరిగేసరికి అమ్మమ్మ ఒడిలో గెంతుతూ కాటుక కనుబొమ్మను చేత్తో చెవిదాకా పులిమేసింది. మా ఆవిడ విరగబడి నవ్వింది.

"అన్నయ్యా, కంటి చివర చూడు!" చెల్లెలు చప్పట్లు కొట్టింది. "ముడతొచ్చింది! వదినా, నాకంటే లోతుగా వచ్చింది!"